అప్పుతో సహా ఆటో

అరకు దగ్గరి ఒక కొండ ఊళ్లో బడి పంతులమ్మగా ఉన్నప్పుడు, ఓ ఆలుమగల ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. గోడకు అవతల వాళ్లు, ఇవతల నేను. అతను బొర్రా గుహల దగ్గర ఆటో నడిపేవాడు. ఆమె కాఫీ తోట చూసుకునేది. పిల్లల్లేరు. వాళ్లు పోట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. అందుకే, అతను బొర్రా వైపు మరొకామెతో కాపురం పెట్టాడని తెలిసినప్పుడు ముందు ఏడ్చింది నేనే.

ఆమె మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. నాలుగో రోజు నా గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, పెద్దల్ని పిలిసినాను. ఇడిపోతాం. కాగితం నువ్వే రాయాల."

అక్కడ ఇలాంటివి కోర్టుదాకా పోవు, ఊరి పెద్దలే తేలుస్తారు. సంత లేని రోజు చూసి బడి వరండాలో కూర్చున్నారు. వదిలింది అతను కాబట్టి, పెళ్లినాడు అతనివాళ్లు ఆమె పుట్టింటికిచ్చిన ఓలి డబ్బు తిరిగివ్వక్కర్లేదన్నారు. ఇల్లు ఆమెకు. తోట పట్టాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి గనక, అందులో పారే గెడ్డకు పైభాగం అతనికి, కిందిభాగం ఆమెకు. అంతవరకు నా కలం ఆగకుండా నడిచింది.

ఆటో దగ్గర ఆగింది. దాన్ని కొన్నది ఆమె పొదుపు సంఘంలో తీసుకున్న అప్పుతో. అప్పు ఆమె పేరున, బండి అతని పేరున. ఇంకా సగానికి పైగా కట్టాలి.

"బండి నాకొదిలెయ్యండి. అప్పు సెరిసగం కడతాం," అన్నాడతను తల దించుకునే.

పెద్దాయన తలూపాడు. నాకూ సబబే అనిపించి రాయబోయాను.

"రాయకు టీచరమ్మా," అందామె. "ఆడు కట్టకపోతే సంఘం ఆడోళ్లు నా గుమ్మంలోకొత్తారు. బండి నాకిచ్చెయ్యండి. అప్పంతా నేనే కట్టుకుంటాను."

పెద్దాయన నవ్వేశాడు. "నీకు బండి తోలడమొచ్చేటే గుంటా?"

"రాదు." ఆమె అతని వైపు తిరిగింది. "నువ్వే నేర్పాల. అది కూడా కాగితంలో ఉండాల."

అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. బడి ముందు ఆపిన ఆటో వైపు చూసి, "నేర్పుతాను. రాసీండి," అన్నాడు.

విడాకుల కాగితంలో డ్రైవింగు నేర్పాలని రాసింది బహుశా నేనొక్కదాన్నే. అంతకుముందు రోజు, ఆ బండి వదిలెయ్యి, మెడకు గుదిబండ ఎందుకని ఆమెకు చెప్పిందీ నేనే. ఆమె నా మాట వినకపోవడమే మంచిదయింది.

మర్నాటి నుంచి బడి వదిలాక మైదానంలో పాఠాలు. అతను డ్రైవరు సీటు చివర ఇరుక్కుని కూర్చునేవాడు.

"ఏటి సేత్తన్నావు! క్లచ్చి బేగి ఒగ్గితే ఆగిపోద్దని సెప్పలేదేటి?"

ఒకసారి ఆమె మా బడి కంచెలోకి దూసుకుపోయింది. ఇద్దరూ దిగి ఆ కంచెను తిరిగి కట్టారు. అతను ఒక్కరోజూ మానలేదు. ఘాట్ మలుపు వానలో ఎలా తిప్పాలో, బ్రేకు పడకపోతే ఏం చెయ్యాలో తనకు తెలిసిందంతా చెప్పాడు. అతని మీద నాకున్న కోపం ఆ మైదానంలోనే చాలావరకు కరిగిపోయింది. చివరి రోజు తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, రోడ్డు దాకా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె సీట్లోనే కూర్చుని ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్లలేదు.

లైసెన్సు రెండో ప్రయత్నంలో వచ్చింది. మొదట్లో ఆటో స్టాండులో మగాళ్లు ఆమెను వరసలోకి రానివ్వలేదు. ఆమె స్టాండు బయటే బండి ఆపుకుని, కుటుంబాలతో వచ్చిన టూరిస్టులను పలకరించేది. ఆడవాళ్లు ఆమె బండే ఎక్కడం చూసి, కొన్నాళ్లకు ఆ మగాళ్లే వరసలో చోటిచ్చారు. అప్పు తీరేదాకా ఒక్క వాయిదా తప్పలేదని సంఘం వాళ్లు నాతో గొప్పగా చెప్పారు.

నాకు బదిలీ అయ్యాక, కిందటి కాఫీ కోతలప్పుడు మళ్లీ వెళ్లాను. నేను ఆమె బండిలో వస్తుంటే దారిలో అతను కాఫీ పళ్ల గోనెతో నిలబడి ఉన్నాడు. ఎక్కించుకుంది. కాఫీ కొనేచోట దిగి అతను ఛార్జీ ఇస్తే, తీసుకుంది.

"అతని దగ్గర కూడానా?" అన్నాను.

"తీసుకోపోతే ఎలాగ టీచరమ్మా? ఇంకా మొగుడ్నే అనుకుంటాడు," అని గేరు వేసింది.