చేతులు కిందికి

సుందరవల్లి మేడం కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు మా బడిలో ఎవరూ లేరు. తిరుపతిలో వినికిడి లేని పిల్లల బడి మాది. ఆవిడ హెడ్మిస్ట్రెస్. నేను కుట్టుపని నేర్పే మాస్టర్ని, పేరు మునిప్రసాద్. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, సంతకాలు కూడా నిలబడే పెడతారు. కాళ్లు వరండాలో తిరుగుతూనే ఉంటాయి, చేతులు తాళాలగుత్తినో కొంగునో నలుపుతూనే ఉంటాయి. అలాంటి మనిషి పిల్లల చేతులు మాత్రం కదలకూడదంటారు. నాకు నవ్వొచ్చేది గానీ పైకి నవ్వే ధైర్యం ఎప్పుడూ లేదు.

ఆవిడ పట్టు ఒక్కటే. పిల్లలు ఎదుటివాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, నోటితో పలకాలి. ఎవరైనా సైగలతో మాట్లాడుకుంటూ కంటపడితే స్కేలు పట్టుకుని వచ్చి వేళ్ల మీద తట్టేవారు. "చేతులు కిందికి! నోరు, నోరు!" అనేవారు. గట్టిగా కొట్టేవారు కాదు, నిజమే. అయినా దెబ్బ దెబ్బే.

ఆ పట్టు ఊరికే రాలేదు. ఆవిడ పుట్టింటివాళ్లు తరతరాలుగా గుళ్లో స్వామి ముందు దివ్యప్రబంధం చదివే గోష్ఠిలో ఉన్నవాళ్లు. తమ్ముడు రామానుజకు పుట్టుకతోనే చెవులు వినపడవు. ఈడు పిల్లలంతా వరుసలో నిలబడి పాశురాలు చదువుతుంటే అతన్ని తీసుకుపోయి వెనక, చెప్పులు విడిచేచోట కూర్చోబెట్టేవారట. ఈవిడ మూడేళ్లు కష్టపడి తమ్ముడికి తన పేరు తాను పలకడం నేర్పారు. "నోరు లేనివాణ్ని వెనక కూర్చోబెడతారయ్యా. నా పిల్లలు వెనక కూర్చోకూడదు" అని నాతో ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. ఆ మాట విని వచ్చి నేను కుట్టుగది తలుపు వేసుకునేవాణ్ని. లోపల మేమంతా సైగలతోనే మాట్లాడుకునేవాళ్లం. కత్తెర పట్టుకున్న పిల్ల నా పెదవులకేసి చూస్తూ కూర్చుంటే గుడ్డతోపాటు వేలూ తెగుతుంది.

కిందటి దసరా సెలవులకు సొంతూరు నగరి వెళ్లిన లోహిత తిరిగి రాలేదు. పదో తరగతి పిల్ల, క్లాసులో అందరికంటే చురుకు. తండ్రి ఢిల్లీబాబు మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. పరీక్షకు పేర్లు పంపే గడువు శుక్రవారం సాయంత్రం, దరఖాస్తు మీద పిల్ల సంతకం కావాలి. బుధవారం దాకా ఢిల్లీబాబు ఫోను మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు. మేడం వరండాలో ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతూ, "మాన్పించేస్తాడయ్యా. ఆ మగ్గాల్లో పెట్టేస్తాడు. ఏడాది పోతే ఇంక ఆ పిల్ల రాదు" అని నన్ను చంపుకు తిన్నారు.

నాకు నిజం తెలుసు, అదే నా బాధ. సెలవులు అయిపోయిన మర్నాడే లోహిత నాకు వీడియో పంపింది. అందులో సైగలతో చెప్పింది, "రాను సార్. ఇక్కడ నా చేతుల మీద ఎవరూ కొట్టరు" అని. మేడంకి చూపిద్దామని ఫోను పట్టుకుని ఆఫీసు గుమ్మందాకా వెళ్లడం, ఆవిడ మొహం చూసి దారపు ఉండలు అడిగి వచ్చేయడం. వారం తిరిగేసరికి బీరువాలోని దారమంతా నా గదికి చేరింది. నామీద నాకే అసహ్యం వేసింది.

గురువారం పొద్దున్నే, "పదవయ్యా, నగరి పోదాం" అన్నారు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా పుత్తూరు దాటినా నిలబడే ఉన్నారు. కండక్టరు చూసి చూసి, "కూసోండమ్మా. మీరు నిలబడుకున్నా బస్సు అదే టయానికే పోతాది" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

షెడ్డులో పన్నెండు మగ్గాలు. లోపల అడుగుపెట్టగానే నా చెవులు దిబ్బడపడ్డాయి. ఆ రొదలో ఎవరు నోరు తెరిచినా లాభం లేదు. పనివాళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటున్నారు. దారం తెగిందని ఒకరు, టీ వచ్చిందని ఒకరు. వాళ్ల మధ్యలో లోహిత, అందరికంటే వేగంగా చేతులు తిప్పుతూ ఒక పెద్దావిడను ఆటపట్టిస్తోంది. ఆ పిల్ల అలా పగలబడి నవ్వడం నేను బడిలో ఎన్నడూ చూడలేదు. మేడం కూడా చూడలేదని ఆవిడ మొహమే చెప్పింది.

లోహిత మమ్మల్ని చూసి ఆగిపోయింది. మేడం ఆమె ముందు నిలబడి పెదవులు బాగా కదిలిస్తూ, "పద, బడికి" అన్నారు. లోహితకు అర్థమయింది. జవాబు చేతులతో చెప్పింది, చాలాసేపు చెప్పింది. మేడం నావైపు తిరిగి ఏదో అన్నారు. ఏమంటోందని అడుగుతున్నారని పెదవులు చూసి కనిపెట్టాను. చెవి దగ్గర చెప్పాను, వినపడలేదు. ఇంకా గట్టిగా చెప్పాను, తల అడ్డంగా ఊపారు. ఇక తప్పక గుండెలనిండా గాలి పీల్చి అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"మీరు చేతుల మీద కొడతారంట! అందుకే రాదంట!"

పన్నెండు మగ్గాలూ ఆగిపోయాయి. షెడ్డంతా నా మాటే వినిపించింది. అందరూ తిరిగి మేడంని చూశారు. నేనేం అరిచానో లోహితకు తెలియదు. ఈవిడెవరని జనం అడుగుతున్నారనుకుంది పాపం. ఎడమచేతి వెనక కుడిచేతి రెండు వేళ్లతో ఫెడీమని కొట్టి చూపించింది.

"అదేంటి?" అన్నారు మేడం.

మా పిల్లలు ఒక్కో టీచరుకు ఒక్కో సైగ పేరుగా పెట్టుకుంటారు. నాకు కత్తెర. ఆవిడకు ఇది. ఏళ్లుగా బడంతా పిలుస్తున్న పేరు ఆవిడకొక్కరికే తెలియదు.

"మీ పేరు మేడం" అన్నాను. ఇంక దాచుకోవడానికి రొద కూడా లేదు.

ఢిల్లీబాబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నేను మాన్పించలేదు మేడమ్. పొయ్యి సదువుకోమనే చెప్తా ఉండా. రానంటాది. ఈడ దానికి మాటాడేదానికి మనుషులు దొరికినారు. నేనేం చేసేది?"

మేడం పక్కనున్న నూలు మూట మీద కూలబడ్డారు. ఇరవై రెండేళ్లలో ఆవిడ కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. తాళాలగుత్తి ఒళ్లో పడి ఉంది, చేతులు కదలడం లేదు. "వెనక కూర్చోబెట్టింది నేనేనా అయ్యా?" అని అడిగారు.

"'తప్పు నాది, రా' అని సైగలో ఎలా చెప్పాలి?" అన్నారు. నేర్పాను. ఆవిడ నన్ను చూసి చేశారు, బొటనవేలు తప్పుగా పెట్టారు. లోహిత నవ్వలేదు. ఆ వేలు పట్టుకుని సరిచేసి, తన ప్రశ్న తాను అడిగింది. "ప్రార్థనలో అందరి ముందూ ఇలాగే చెప్తారా? చెప్తేనే వస్తాను." నేను అది మేడంకి చెప్పి ముగించేసరికి కరెంటు వచ్చింది. మేడం ఏమన్నారో నాకు వినపడలేదు. తల ఊపినట్టే ఉంది.

శుక్రవారం ప్రార్థనకు అందరూ వరుసల్లో నిలబడ్డారు. మొదటి బస్సుకే వచ్చిన లోహిత, వాళ్ల నాయన గేటు దగ్గరే ఆగిపోయారు. లోహిత భుజం మీది సంచి దించలేదు. మేడం చేతిలో స్కేలు లేదు. మెట్ల మీదికి ఎక్కారు, దిగారు, కొళాయి దాకా వెళ్లి మళ్లీ వచ్చారు. ఈవిడ వల్ల కాదనే అనుకున్నాను నేను. చివరికి పై మెట్టు మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తారు.

మా పిల్లల పద్ధతిలో, మాట్లాడేవాళ్లు ముందు తమ పేరు చెప్పుకోవాలి. ఆవిడ తన ఎడమచేతి వెనక రెండు వేళ్లతో గట్టిగా కొట్టుకున్నారు. ఆ దెబ్బ పెద్దవాళ్లం మేం విన్నాం, పిల్లలు చూశారు. ఒక్క చెయ్యీ కదల్లేదు. తర్వాత "తప్పు నాది" అన్నారు. బొటనవేలు మళ్లీ తప్పే.

లోహిత సంచి కింద పడేసి, ఆ వేలు సరిచేయడానికి వరుసలన్నీ దాటుకుంటూ వచ్చింది.