డబ్బాలో బల్లి

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆయాసపడుతున్నావు, దవాఖానకు పోదాం పద అని ఎంత బతిమాలినా, "తెలంగాణ వచ్చినంక పోదాం తియ్యే కోడలా" అన్న మనిషి ఆమె. తెలంగాణ ఇంకా రాలేదు. ఆమె మాత్రం వెళ్లిపోయింది. సిద్దిపేటలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లకు, దీక్షా శిబిరంలో ఆమె పక్కన చాప మీద కూర్చున్నవాళ్లకు ఆమె సంగతి నేను చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్ల కోసం ఆమె కంప్యూటర్ కథ చెబుతాను. ఆమెతో వేగడమంటే ఏమిటో దాంతో తెలిసిపోతుంది.

బడి నుంచి రిటైరయ్యాక అత్తమ్మ కంప్యూటర్ కొనుక్కుంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల చేత బతుకమ్మ పాటలు పాడించి, చిన్న రికార్డర్‌లో పట్టి, ఇంటికొచ్చి అందులోకి ఎక్కించేది. రికార్డర్‌ను వెంటనే ఖాళీ చేసేది, మళ్లీ పట్టాలి కదా. రాష్ట్రం వచ్చాక బడిపిల్లలకు ఈ పాటలు నేర్పాలని ఆమె పట్టు. అంతవరకు బాగానే ఉంది. కానీ ప్రతి పాటకూ పేరు 'కొత్త ఫోల్డర్'. ఏది ఎవరిదో ఆమె ఒక్కతెకే తెలుసు. కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపడం ఎన్నడూ నేర్చుకోలేదు, గోడకున్న స్విచ్చి టక్కున కట్టేసేది. దసరాకు కంప్యూటర్ డబ్బాకు ఇంత కుంకుమ పెట్టేది. అది ఫ్యాన్‌లోకి పోయి, చాలాకాలం గదంతా ఎర్రటి దుమ్ము. నేను కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నా మాట ఊరంతా చెల్లేది, ఆ ఇంట్లో తప్ప.

ఒకరోజు డబ్బాలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. హార్డ్ డిస్క్ లోపల చదివే ముల్లు దారి తప్పి కొట్టుకుంటే వచ్చే చప్పుడది.

"అత్తమ్మా, గిది ఎక్కువ రోజులు నడువది. పాటలన్ని ఇంకోదాంట్లకు ఎక్కిద్దాం," అన్నాను.

"ఏం కాదు. తెలంగాణ వచ్చినంక కొత్తది కొందాం."

సరిగ్గా అప్పుడే డిస్క్ మళ్లీ టిక్కుమంది. అత్తమ్మ మొహం వెలిగిపోయింది. గోరుతో బల్ల మీద టకటకా కొట్టి, "సత్యం! విన్నవా, బల్లి పలికింది. తెలంగాణ వస్తది," అంది.

అది బల్లి కాదు మొర్రో అన్నాను. వింటేనా! ఆనాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా వాళ్లను డబ్బా ముందు కూర్చోబెట్టడం, "తెలంగాణ వస్తది" అనడం, అది టిక్కుమనగానే బల్ల మీద కొట్టి "సత్యం" అనడం. శిబిరంలోని ఆడవాళ్లు పనిగట్టుకొని వచ్చి వినిపోయేవారు. పోయే ప్రాణంతో ఉన్న డిస్క్‌ను అడిగి జోస్యం చెప్పించుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పాటలు కాపీ చేస్తానని పెన్ డ్రైవ్ పట్టుకొని పోతే, "బల్లిని బెదరగొట్టకే" అని చెయ్యి పట్టుకునేది. నేను తల పట్టుకునేదాన్ని.

చివరికి ఒక పొద్దున తెర నీలంగా మారి అట్లాగే ఉండిపోయింది. అప్పుడు భయపడింది. అందులో దుబ్బాక పెద్దవ్వ పాట ఉంది. సాలెవాళ్ల ఇంట్లో నూలు కండెలు చుడుతూ బతికిన ఆ ముసలమ్మ అప్పటికే చనిపోయింది. అత్తగారింటి నుంచి తల్లిగారింటికి నడిచిపోయే దారిలో ఒక్కో ఊరినీ పేరుపెట్టి పలకరించే పాట అది. ఇంకెవరికీ రాదు.

"కోడలా, గా ఒక్క పాటన్న ఎట్లనన్న తియ్యవే," అంది. ఆ గొంతులో అంత బెంగ నేను ఎప్పుడూ వినలేదు.

కొత్త డిస్క్ ఒకటి తెచ్చి కంప్యూటర్‌ను లేపి, పాతదాన్ని పక్కన తగిలించి, దానికి ఊపిరి ఉండగానే పాట లాక్కోవాలి. కానీ ఆరోజు బంద్. మా కాలేజీకీ తాళమే. కంప్యూటర్ దుకాణం భాయ్ శిబిరం దగ్గరే దొరికాడు.

"టీచరమ్మా, ఆధా షట్టర్, సగమే లేపుత. తీస్కపోండ్రి. మీ పనికి ఎవరేమంటరు?" అన్నాడు.

"వద్దు భాయ్. పొద్దుగాల నేనే తిరిగి దుకాండ్లన్ని బంద్ చేపిచ్చిన. నాకు పనివడితే షట్టర్ లేపాల్నా?"

నేను కాళ్లావేళ్లా పడ్డాను. ఆమె రోడ్డు మీద వంటావార్పులో పప్పు కలుపుతూ, నా మొహం చూడకుండా, "ఒక్కలకు లేస్తే గది బంద్ ఎట్లయితదే?" అంది.

సరే, బంద్ ముగిసేదాకా డబ్బా ముట్టుకోవద్దని ఒట్టు పెట్టించుకొని వచ్చాను. పాడైన డిస్క్‌ను ఆన్ చేసినప్పుడల్లా లోపల ఇంకా గీసుకుపోతుంది. తెల్లారి కొత్త డిస్క్‌తో పోయేసరికి పాతది ఉలకలేదు, పలకలేదు.

"అత్తమ్మా, ముట్టినవా?"

"పలుకుతదా లేదా అని సూసిన," అంది. "రెండు మూడు సార్లే."

హైదరాబాద్ పంపించాను. అక్కడివాళ్లూ చేతులెత్తేశారు. ఆమె ఆ డబ్బా మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత రికార్డర్ సంచిలో వేసుకొని, మళ్లీ మొదటి నుంచి ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది.

ఉన్నవాళ్లంతా మళ్లీ పాడారు. పెద్దవ్వ పాట మాత్రం తనే పాడాల్సి వచ్చింది. గుర్తున్నంత పాడేది, ఒక ఊరి పేరు దగ్గర ఆగిపోయేది. దుబ్బాక బస్సుల్లో కండక్టర్లను కూడా అడిగింది. ఎవరు ఏ పేరు చెప్పినా ఇది కాదనేది. విసుగొచ్చి, "ఏదో ఒక ఊరు పెట్టి పాడరాదా అత్తమ్మా, ఎవరికి తెలుస్తది?" అన్నాను.

"ఉన్న పేరు తీసి ఇంకో పేరు పెడితే ఊకుంటమా? గందుకే గదనే గిన్నొద్దుల సంది కొట్లాడుతున్నం," అంది.

ఆ చోటు ఖాళీగానే ఉంచి పాడింది.

ఇప్పుడు ఆ పాటలన్నిటికీ పేర్లు పెట్టి, ఎన్ని చోట్ల దాచవచ్చో అన్ని చోట్ల దాచాను. నిన్న పెద్దవ్వ పాట పెట్టుకున్నాను. పాట నడుస్తూ నడుస్తూ ఆ ఊరి దగ్గర ఆగింది. టిక్కు టిక్కుమని చప్పుడు. ఎన్నిసార్లు విన్నా బుద్ధి రాదు, కొత్త డిస్క్ కూడా పోయిందేమోనని డబ్బాకు చెవి ఆనించాను. డబ్బా చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఊరి పేరు ఉండాల్సిన చోట అత్తమ్మ గోరు బల్ల మీద కొడుతోంది. తర్వాత ఊపిరి పీల్చుకొని, పక్క ఊరి పేరు ఎత్తుకుంది.