తీగకు గుచ్చిన కంటి చీటీ

మా ఇంట్లో కాగితం పారేసే అలవాటు లేదు. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. వంటింటి గుమ్మం పక్కన గోడకు ఒక ఇనుప తీగ వేలాడేది. కరెంటు బిల్లులు, శుభలేఖలు, డాక్టర్లు రాసిచ్చిన మందుల చీటీలు అన్నీ బాపు దానికే గుచ్చేవాడు. ఆయన బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. ఇంటిని కూడా ఆఫీసులాగే నడిపాడు. ఆ పద్ధతే మా చెల్లె కొంప ముంచింది.

చెల్లె నాకంటే ఆరేళ్ళు చిన్న. ఫాల్గుణం వచ్చిందంటే దాని కళ్ళు ఎర్రబడేవి. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి, దారాల్లా పుసి సాగేది. దురద తట్టుకోలేక పిడికిళ్ళతో రుద్దుకుంటూ గోడకు తల ఆనించి ఏడ్చేది. వానలు పడ్డాక తగ్గేది. స్టేషను బొగ్గు పొగ అని బాపు, వేడి చేసిందని అమ్మ. అమ్మ ఆముదం రాసింది, నందివర్ధనం పూలు రెప్పల మీద కట్టింది, పడుకునేముందు కాటుక దిద్దింది. ఉగాది పచ్చడికీ, ఏడాది పొడుగునా చారుకీ వేపపూత కావాలని ఆ నెలలోనే దాన్ని వేపకొమ్మలు వాలిన డాబా మీదికి పంపేది కూడా అమ్మే. అది రాలిన పూతంతా ఊడ్చి, చేటలో చెరిగి కిందికి దిగేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. "ఎండకు గట్లయింది" అనేది అమ్మ. పూతకూ దురదకూ లంకె పెట్టే తెలివి మాలో ఎవరికీ లేకపోయింది. నాకూ లేదు, నేనప్పుడు పెద్ద కాలేజీలో చదువుతున్నానని విర్రవీగుతున్నదాన్ని.

రెండు రాష్ట్రాలు కలిసి ఆరేడేళ్ళయిన ఒక వేసవిలో నేనే దాన్ని ఆబిడ్స్‌లో ఒక కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రెప్ప తిరగేసి చూశాడు. ఇది కళ్ళకలక కాదనీ, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదనీ, ఈ కాలంలో గాలిలో తేలే పుప్పొడీ దుమ్మూ కంటికి పడక వస్తుందనీ చెప్పాడు. "ఈ చుక్కల మందు పదిహేను దినాలే ఎయ్యండి. తర్వాత నాకు చూపెట్టాలె" అన్నాడు. మూడో రోజుకే చెల్లె కళ్ళు తేటపడ్డాయి. ఆ పూట అది అద్దం ముందు నుంచి కదల్లేదు. బాగైన కళ్ళు మళ్ళీ చూపించడమెందుకని మేం పోలేదు. బాపు చీటీని తీగకు గుచ్చాడు.

మరుసటి ఫాల్గుణంలో దురద మొదలు కాగానే చీటీ తీసుకొని గన్‌ఫౌండ్రీలో మందుల దుకాణానికి పోయాను. అడిగిన వెంటనే ఇచ్చారు. ఆ పై ఏడాదీ అంతే. బాపుది ఉర్దూ చదువు. అప్పట్లో ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి కంటి మందు శాఖ నాది. ఇరుగుపొరుగు వాళ్ళు మజ్జిగ తోడుకు వచ్చినట్టు వచ్చేవాళ్ళు. "మీ కండ్ల చీటీ జర ఇస్తరా, మావోనికి ఎర్రగైనయి" అని తీసుకుపోయి, భద్రంగా తెచ్చి ఇచ్చేవాళ్ళు. మడతల దగ్గర చిరిగితే బాపు వెనక వేరే కాగితం అంటించి గట్టి చేశాడు. మందు ఆపితే నాలుగు రోజుల్లో దురద తిరగబెట్టేది. అందుకని ఆపడమే మానేశాం. వానాకాలం, చలికాలం కూడా వేశాం. చెల్లెను ఒళ్ళో పడుకోబెట్టుకొని చుక్కలు వేసింది నేనే. ఒక్క పూట మరిచిపోలేదు.

పదిహేడో ఏట అది ఆబిడ్స్‌లో టైపు నేర్చుకోవడానికి చేరింది. ఏదైనా ఆఫీసులో టైపిస్టు కావాలని దాని కోరిక. వేళ్ళు మహా చురుకు. కానీ చూసి కొట్టాల్సిన కాగితంలో లైన్ల చివరి మాటలు ఎగరగొట్టేది. రెండుసార్లు పరీక్ష పోయింది. ఇంట్లో నడుస్తూ చెంబులు తన్నేది. ఒకరోజు మా మేనత్త వచ్చి కూర్చొని, "నీ చెల్లెకు గింత పొగరేందే? పక్కపొంటే పోయిన, మొకం తిప్పి సూడలే" అంది. ఆ సాయంత్రం నేను దాన్ని కడిగేశాను.

"టైపు నేర్వంగనే కండ్లు నెత్తికెక్కినయా?"

"నాకు కనవడలే అక్కా."

"గంత పెద్ద మనిషి కనవడలేదా?"

అది అబద్ధమాడుతోందనుకున్నాను. తిట్టినంత తిట్టి, చుక్కలు వేసి పడుకోబెట్టాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాతి ఏడు చెల్లె ఆబిడ్స్‌లో రోడ్డు దాటుతుంటే పక్కనుంచి వచ్చిన రిక్షాను చూసుకోలేదు. గుద్దుకొని పడింది. అప్పుడు గానీ మాకు అనుమానం రాలేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు చీకటి గదిలో చాలాసేపు చూసి, కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందన్నాడు. చుట్టుపక్కల చూపంతా పోయి, నడిమధ్య కొంచెమే మిగిలిందట. ఏ మందు వాడారని అడిగాడు. బాపు జేబులోంచి చీటీ తీసి రెండు చేతులతో అందించాడు. ఎంత పదిలంగా దాచామో చూడండన్నట్టు ఆయన ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది. డాక్టరు తేదీ చూశాడు.

"ఇది ఏడేండ్ల కిందిది. పదిహేను దినాలకు రాసిన్రు. ఇన్నేండ్లు ఎవరు ఏసిన్రు?"

నేను నోరు తెరిచేలోపే చెల్లె, "నేనే ఏసుకున్న సార్" అంది.

నేను కాదనలేదు. బాపు నా వైపు చూసి తల దించుకున్నాడు.

ఒత్తిడి పెంచింది ఆ మందేననీ, పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలినదాన్ని నిలబెట్టడానికి ప్రయత్నిస్తాననీ డాక్టరు చెప్పాడు. దురదకు చల్లటి నీళ్ళలో ముంచిన గుడ్డ వేయమన్నాడు. కళ్ళు రుద్దనివ్వద్దు, బయట తిరిగి రాగానే ముఖం కడగాలి, కాటుక మానాలి, పూత కాలంలో డాబా ఎక్కనివ్వద్దు. ఇంతే. ఆ మొదటి డాక్టరు దగ్గరికి పదిహేను రోజుల తర్వాత పోయి ఉంటే ఈ మాటలు అప్పుడే విని ఉండేవాళ్ళం. ఇంటికి రాగానే బాపు అలవాటు కొద్దీ చీటీని మళ్ళీ తీగకే గుచ్చాడు. అమ్మ పీకి పొయ్యిలో వేసింది.

మిగిలిన చూపు నిలవలేదు. వేరే చుక్కలు, ఒక ఆపరేషను, మొక్కులు అన్నీ అయ్యాయి. మూడేళ్ళకు వెలుగూ చీకటీ మాత్రమే తెలిసేవి. ఆ తర్వాత అవీ తెలియలేదు. అప్పటికి నేను బడిలో పంతులమ్మను. దేవుడు చల్లగా చూస్తాడని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది.

ఆ పై ఫాల్గుణంలో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి చెల్లె గోడకానుకొని పిడికిళ్ళతో కళ్ళు రుద్దుకుంటోంది. చూపు పోయింది గానీ దురద పోలేదు. చూడలేని కళ్ళకు కూడా దురద పుడుతుందని మాకెవరికీ తట్టలేదు. గుడ్డ తడిపి వేశాను. వేడెక్కగానే తీసి మళ్ళీ తడిపాను. గంటసేపు అదే పని. అది పళ్ళు బిగబట్టి ఓర్చుకుంది.

"అక్కా, గా పాత మందు తెస్తవా? మూడు దినాలల్ల తగ్గుతుండె."

"గదే గదనే నీ కండ్లు తీసింది."

"ఔ. ఇప్పుడేస్తే ఇంకేం పోతది?"

చీటీ కాలిపోయినా మందు పేరు నాకు కంఠతా వచ్చు. చెప్పులు తొడుక్కొని పోయి తెచ్చాను. దాని తల ఒళ్ళో పెట్టుకొని, రెప్ప విడదీసి, ఒక్కో కంట్లో రెండేసి చుక్కలు వేశాను. చెల్లె హాయిగా ఊపిరి వదిలి, "సల్లగున్నదక్కా" అంది.