తాండూరులో కరెంటు పోయింది

నేనూ, తాండూరులో ఉండే నా బావమరిదీ ఒకే దుకాణంలో ఒకే రకం స్కానర్ కొన్నాం. ఇద్దరి కంప్యూటర్లూ పాతవే, రెండూ లినక్స్ మీద నడుస్తాయి. స్కానర్ పనిచేయడానికి టైపు చేయాల్సిన కమాండ్లన్నీ వెతికి డైరీలో రాసుకున్నది నేను. ఫోనులో ఒక్కో అక్షరం చదివి అతనికి చెప్పిందీ నేనే. అతనిది పనిచేసింది. నాది చేయలేదు.

వికారాబాదులో నా కంప్యూటరు ప్రతిసారీ ఒకటే మాట చూపించేది: స్కానర్ దొరకలేదు. వైరు మార్చాను. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను. స్కానర్ వాడే అనుమతి ఉన్నవాళ్ళ జాబితాలో నా పేరు చేర్చే కమాండ్ కూడా డైరీలో ఉన్నట్టే ఇచ్చాను. అది తప్పని కంప్యూటరు అనలేదు, స్కానరూ దొరకలేదు. ఈలోగా తాండూరు నుంచి కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి పాత ఫోటోలు రోజూ వచ్చి పడేవి. ఒక్కోదాని కింద ఎన్ని మెచ్చుకోళ్ళో! చదివి ఫోను బోర్లా పెట్టేవాణ్ణి.

మా అత్తగారిది మిగిలింది ఒకే ఒక్క ఫోటో. అది నా భార్య దగ్గర ఉంది. అదొక్కటైనా నా చేతి మీదుగా గ్రూపులోకి వెళ్ళాలని నా పట్టుదల. నా భార్య కొన్నాళ్ళు ఓపిక పట్టింది.

"మీతోని అయ్యేటట్టు లేదు గని, ఆదివారం తాండూరు పోదాం. మా తమ్ముడు జేస్తడు," అంది చివరికి.

రైలు ధారూరు దాటేదాకా నేను డైరీలోని కమాండ్లే మళ్ళీ మళ్ళీ చదివాను. ఫోటో ఆమె ఒళ్ళో ఉంది.

బావమరిది ఫోటోను అద్దం మీద బోర్లించి బటన్ నొక్కాడు. తెర మీద మా అత్తగారు నెమ్మదిగా, ముందు కొప్పు, తర్వాత ముఖం, దిగి వచ్చింది. నా భార్య కళ్ళు తుడుచుకుంటూ, "జూసిండ్రా మా తమ్ముణ్ణి!" అంది.

"ఏం జేసినవ్? నిజం జెప్పు," అన్నాను అతనితో.

"ఏం జెయ్యలే బావా. నువ్వు జెప్పినయే కొట్టిన. నడవలే. గంతల కరెంటు పోయింది. వచ్చినంక జూస్తే గదే నడుస్తుంది. నసీబు ఉండాలె బావా!"

అన్నం తింటూనే ఫోనులో కారణం వెతికాను. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. దాని బ్యాటరీలో నీళ్ళు తగ్గకుండా చూసేది నేనే. పని సగంలో ఉంటే కంప్యూటరు ఆపను, తెర మాత్రం ఆపుతాను. నా పేరు జాబితాలో చేరిన సంగతి, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే తప్ప కంప్యూటరు పట్టించుకోదట. కరెంటు పోయి అతనికి జరిగిన మేలు, పోకుండా కాపాడుకున్న నాకు జరగలేదు.

ఇంటికి రాగానే చెప్పులు విడిచి నేరుగా వెళ్ళి కంప్యూటరు ఆపి, మళ్ళీ ఆన్ చేశాను. స్కానర్ దొరికింది. అదే ఫోటోను ఇంకా స్పష్టంగా వచ్చేలా స్కాన్ చేసి గ్రూపులో పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు.

"గదే ఫోటో మల్ల ఎందుకు?" అంది నా భార్య.

"పెద్దగ జేసి చూడు."

ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "అయ్యో, అమ్మ ముక్కుపుల్ల గనవడుతుంది! తమ్ముని దాంట్ల లేకుండె." కాసేపటికి, "గిట్ల ఎట్ల జెయ్యాల్నో వానికి గూడ జర చెప్పుండ్రి," అంది.

"చెప్త," అన్నాను.

ఇంతవరకు చెప్పలేదు.