మల్లక్క పగటి నిద్ర

1979వ సంవత్సరం. వరంగల్‌లోని ఒక మిషన్ దవాఖానలో నేను స్టాఫ్ నర్సుగా ఉన్నాను. దవాఖాన డ్యూటీ కాక మా చర్చి సంఘంలోని స్త్రీలు మొదలుపెట్టిన ఇంకొక పని నాకు మరీ ఇష్టంగా ఉండేది. మంచాన పడిన రోగులను ఇంటికి పంపించాక, వాళ్లను చూసుకునే మనిషికి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. సెలవు పూట మాలో ఒకరు ఆ ఇంటికి వెళ్లి రోగి దగ్గర ఉండేవాళ్లం. ఇంటి మనిషి ఆ కాసేపు నిద్రపోవచ్చు, బజారుకు పోవచ్చు, ఊరికే గోడకు ఆనుకుని కూర్చోవచ్చు. ఇప్పుడు దీన్ని రెస్పిట్ కేర్ అంటున్నారు. సేవ చేసే మనిషికి విరామం ఇవ్వడమన్నమాట. అప్పట్లో మేము దానికి పేరేమీ పెట్టలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు "ఈ వారం ఎవరింటికి ఎవరు?" అని అడిగేవారు, అంతే.

అలా నా వంతుకు వచ్చింది కొత్తవాడలో జంపఖానాలు నేసే సాంబయ్య ఇల్లు. ఆయన తల్లి నర్సవ్వకు స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది గానీ బుర్ర మాత్రం చురుకు. ఆమెను చూసుకునేది కోడలు మల్లవ్వ. నెలల తరబడి మంచంలో ఉన్న మనిషి ఒంటి మీద ఒక్క బెడ్‌సోర్ లేదు. బెడ్‌సోర్ అంటే ఒకే వైపు పడుకుని ఒత్తిడి పడిన చోట చర్మం చచ్చి పడే పుండు. అది రాకుండా కాపాడడం దవాఖానలో మాకే కష్టమయ్యేది. దాని కోసం మల్లవ్వ తన ఊరికి పోవడం, కంటినిండా నిద్రపోవడం రెండూ మానేసింది.

ఇంతలో ఆమె తమ్ముడికి పెళ్లి కుదిరింది. తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని పెంచింది మల్లవ్వే. నలుగు పెట్టి పెళ్లికొడుకును చేయవలసిన చేతులు ఆమెవే. పెళ్లి హుజూరాబాద్ దగ్గర పల్లెలో. వెళ్తే రెండు రాత్రులైనా ఉండాలి. "అక్క రాకుంటే పీటల మీద కూసోను" అని తమ్ముడు కబురు పెట్టాడు. అత్తను వదిలి పోనని ఈమె. మధ్యలో నలిగిపోయి సాంబయ్యే దవాఖానకు వచ్చి మమ్మల్ని అడిగాడు.

మొదటిరోజు మల్లవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సిస్టరమ్మవు నువ్వేనా? మా అత్త వేరేటోళ్ల చేత బువ్వ తినది."

"తినకుంటే కూసుండి ముచ్చట పెడతనక్కా."

"ముచ్చటనా, ప్రార్థననా? ముందే చెప్పు. మా ఇంట్ల మల్లన్న దేవుడున్నడు."

"ప్రార్థన నా మనసుల నేను చేసుకుంట. మీ చెవులల్ల పొయ్యను."

లోపలి నుంచి నర్సవ్వ ముద్దమాట వినిపించింది. "గట్టిగనే చెయ్యమను. నాకు జర పొద్దు పోతది."

నా ప్రభువు మీద నాకున్న విశ్వాసం నేను ఎక్కడా దాచుకోలేదు. కానీ అలసిన మనిషి ఇంటికి వెళ్లి ముందుగా చేయవలసింది ప్రసంగం కాదని మా పెద్దలు మాకు నేర్పారు.

తర్వాతిసారి మల్లవ్వ, "మట్టెవాడ బజారుకు పోయి పెండ్లికి గాజులు తెస్త" అంటూ సంచి పట్టుకుని బయలుదేరింది. నేను నర్సవ్వ నడుము కింద డ్రా షీట్ పరిచాను. అది అడ్డంగా వేసే మడత దుప్పటి. దాన్ని పట్టుకుని తిప్పితే రోగి ఒళ్లు ఒరుసుకుపోదు. తిప్పుతున్నాను గానీ అవ్వ చూపు నా మీద లేదు. వాకిట్లో తాడు మీద వేసిన జంపఖానా వైపు చూస్తోంది. నేనూ చూశాను. దాని కింద రెండు పాదాలు, వేళ్లకు వెండి మెట్టెలు.

"అవ్వా, మీ జంపఖానాకు కాళ్లు మొలిచినయి," అన్నాను.

"మా సాంబడి నేత అసొంటిది బిడ్డా. బజారుకు గూడ అదే నడిచిపోతది," అంది అవ్వ.

మల్లవ్వ బయటికి వచ్చింది. "ఆరిందా లేదా అని చూస్తాన," అంది మాకు ముఖం చూపించకుండా.

ఆ తర్వాత కూడా ఇదే తంతు. ఒకసారి పక్కింటి గోడ మీది నుంచి తొంగిచూసింది. ఇంకొకసారి మరిచిపోయిన సంచి కోసం సగం దారి నుంచి వచ్చింది, సంచి చంకలోనే ఉంది. నవ్వు వచ్చేది గానీ పెళ్లి దగ్గర పడుతోందని నాకు లోపల దిగులు. చివరికి ఆమెనే అడిగాను.

"ఏం చేస్తే నమ్ముతవో నువ్వే చెప్పక్కా. నాకేం కోపం లేదు."

ఆమె తడుముకోకుండా చెప్పింది. "జంపఖానా కొనేటోడు ఏం జేస్తడు? గుంజి చూస్తడు, తొక్కి చూస్తడు, మీద పండి దొర్లుతడు. అటెన్కనే బేరం. నీ చెయ్యి ఎసొంటిదో నాకేమెరుక? అత్తకు చేసేదంత ముందుగాల నాకు చెయ్యి."

ముందు గదిలో మగ్గం మీద కూర్చున్న సాంబయ్య, "నీకేం రోగమొచ్చిందే?" అని అరిచాడు.

"నీ పోగులు నువ్వు చూసుకో!" అని ఆమె తలుపు వేసేసి, అత్త పక్కన ఉన్న నులకమంచం మీద వాలింది.

మొదట కర్రలా బిగుసుకుపోయింది. "ఒళ్లు ఇడిచిపెట్టక్కా" అంటే "ఇడిస్తే కింద పడత" అంది. "పడనియ్యను" అని మెల్లగా పక్కకు తిప్పాను. గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిచి బ్యాక్ కేర్ మొదలుపెట్టాను. అంటే వీపుకు స్పిరిట్ రాసి, పౌడర్ అద్ది, రక్తం ఆడేలా అరచేత్తో గుండ్రంగా రుద్దడం. "మెల్లగ." "గోర్లు తీసుకున్నవా?" "జర పైకి." ఇలా ఆజ్ఞలు వస్తూనే ఉన్నాయి. భుజాల దగ్గర కండరాలు తాళ్లలా మెలిపడి ఉన్నాయి. అక్కడ చెయ్యి పెట్టగానే "ఆఁ..." అని ఒక్క మూలుగు. తర్వాత మాట లేదు. వంగి చూస్తే, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

నర్సవ్వ ఎడమ చెయ్యి పైకెత్తి, వచ్చినంత గొంతుతో పిలిచింది. "సాంబా! మగ్గం బంద్ చెయ్యి!"

అతను కంగారుగా తలుపు దగ్గరికి వచ్చాడు. "ఏమైందే అవ్వా?"

"నా కోడలు పండింది."

మగ్గం ఆగిపోయింది. అవ్వ నా వైపు తిరిగి జావ గిన్నె చూపించింది. నేను చెంచాతో తాగిస్తే గుటకలు వేసి తాగింది.

"ఏందవ్వా, వేరేటోళ్ల చేత తినవంట గద?"

"నేనెప్పుడన్న? అదే అంటది. దాని మనసు ఊకోదు."

దీపాలు పెట్టే వేళకు మల్లవ్వ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో అత్తా, జావ!"

"తాగిన."

"ఒక్క దిక్కే పండుంటివి..."

"మలిపింది. ఒళ్లు గూడ తుడిచింది. ఈ పిల్ల చూడనీకి వచ్చింది నన్ను గాదే, నిన్ను. ఇగ పెండ్లికి పో, నా పానం తియ్యకు."

మల్లవ్వ చీర కొంగు సర్దుకుంటూ, "గోర్లు మాత్రం ఇంకా జర తీసుకో చెల్లే," అంది. ఆ పూట నుంచి నేను సిస్టరమ్మను కాదు, చెల్లెను; ఆమె నాకు మల్లక్క.

పెళ్లికి భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. మా సంఘంలోని సువార్తమ్మ, నేను వంతులవారీగా అవ్వ దగ్గర ఉన్నాం. తిరిగి వచ్చిన మల్లక్క అరచేతులు ఇంకా పసుపుగా ఉన్నాయి. లడ్డూల మూట కూడా దించకుండా అత్తను పక్కకు తిప్పి వీపు చూసింది, మడమలు నొక్కి చూసింది. నర్సింగ్ పరీక్ష ఫలితాల రోజు కూడా నేను అంత బెదురుగా నిలబడలేదు. "మంచిగున్నది" అని నా నోట్లో లడ్డూ కుక్కింది. "మా తమ్ముడు నలుగు పెడ్తాంటే సంటిపోరని తీరు నవ్విండు. చక్కిలిగింతలట!" అని తానూ నవ్వింది. "మళ్ల ఏ రోజు వస్తవు?" అని అడిగింది.

ఇప్పటి నర్సమ్మలు "మేము ఎంత బాగా చేసినా ఇంటివాళ్లు మమ్మల్ని కనిపెట్టుకునే ఉంటారమ్మా" అని నాతో బాధపడతారు. కనిపెట్టనివ్వండి అంటాను. రోగిని ముట్టుకునే ముందు, ఇన్నాళ్లూ ఆ రోగిని మోసిన మనిషి భుజం మీద ఒకసారి చెయ్యి వెయ్యండి అంటాను.

మా పరిశుద్ధ గ్రంథంలో ఒక సంగతి ఉంది. కింద యుద్ధం జరుగుతుంటే ఒక ముసలి భక్తుడు కొండ మీద చేతులెత్తి నిలబడతాడు. ఆ చేతులు పైకి ఉన్నంతసేపు కింద ఆయన జనం గెలుస్తారు, దిగితే ఓడిపోతారు. చేతులు బరువెక్కితే ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి పట్టుకుంటారు. ఆ భాగం చదివినప్పుడల్లా నేను ఆ ఇద్దరినే మెచ్చుకునేదాన్ని. కొత్తవాడ ఇంట్లో ఆ మధ్యాహ్నం తర్వాత ఆ ముసలాయన వైపు చూడడం నేర్చుకున్నాను. ఎంతమంది ప్రాణాలు ఆ చేతుల మీద ఉన్నాయో తెలిసి కూడా, వాటి బరువును ఇంకొకరి చేతుల్లోకి వదలగలిగాడు. దేవుని కృపలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అదే.