మా హౌజు నీళ్ళ ఘాటు

బ్లీచింగు పౌడరు వాసనొస్తే అందరూ ముక్కు మూసుకుంటరు. నాకు మాత్రం పానం నిమ్మళమైతది. పిల్లలు నన్ను చూసి నవ్వుతరు. నవ్వితే నవ్వనీ. ఆ ఘాటు కోసం నేనెంత పరేషాన్ అయిన్నో వాళ్ళకేం ఎరుక?

డెబ్బైల మొదట్ల సంగతి. మా మామయ్య ఓవర్సీరు పని నుంచి రిటైరైనంక, గచ్చిబౌలి అవతల బండల నడుమ ఒక పాత తోట బంగ్లా కొన్నరు. అప్పుడు ఆడ ఏముండె? బండలు, సీతాఫలం పొదలు, నెమళ్ళ అరుపులు. బస్సు దిగినంక నడిచీ నడిచీ కాళ్ళు పడిపోయేటియి. ఎన్నడో ఒక జాగీర్దారు సరదాకు కట్టించుకున్న ఇల్లది. పెరట్ల ఈత కొట్టే హౌజు ఉండె. దిగనీకి మెట్లు, చుట్టూ గచ్చు, అడుగున నీళ్ళు వదిలే తూము. మా అత్తయ్యది కోస్తా. ఆమె దాన్ని 'తొట్టి' అనేది. "తొట్టి అంటే బర్రెలు నీళ్ళు తాగేది గద అత్తయ్యా" అని నేనంటే, "మీ హైదరాబాదు వాళ్ళకి గోలెం కూడా నవాబుగారిదే" అని మూతి తిప్పేది. ముల్కీ గొడవల రోజులల్ల అయిన పెండ్లి మాది. ఆ ఇంట్ల మా ఇద్దరి మాటలకు లోటెన్నడు లేకుండె.

ఆ హౌజుల ఎండుటాకులు తప్ప ఇంకేం లేకుండె. మామయ్య దాన్ని పూడ్చి వంకాయ మడి చేద్దామనుకున్నరు. అంతల మా ఆయన లారీని తప్పించబోయి స్కూటరు మీదికెళ్ళి పడ్డడు.

తొడ బొక్క విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు ఏసిన్రు. పుండు మానినట్టే మాని చీము పట్టింది, మళ్ళ తెరిచి కడిగిన్రు. ఇంటికి తోల్కొచ్చేసరికి కాలు కట్టె లెక్క బిగుసుకపోయింది. మా ఆయనది సర్వేయరు నౌకరి. గట్ల మీద, గుట్టల మీద నడవలేని సర్వేయరును ఎవరు పెట్టుకుంటరు? మనిషి మంచంల గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. పలకరిస్తే "నన్నొదిలెయ్యి" అనేటోడు. నాకు ఏడుపొచ్చేది, ఆ ఏడుపు మీద కోపమొచ్చేది.

దవాఖానల డాక్టరుగారు పెద్దమనిషి. తోటల హౌజున్నదని విని ఆయన కండ్లు మెరిసినయి. "రోజూ ఛాతీ లోతు నీళ్ళలో నడిపించండమ్మా. బరువు నీళ్ళు మోస్తాయి, కాలు కదులుతుంది. కానీ నీళ్ళు శుభ్రంగా ఉండాలి. ఈ కాలికి మళ్ళీ చీము పట్టిందంటే, కాలు దక్కించడం నా చేతుల్లో ఉండదు" అన్నరు. ఆ ఆఖరి మాట నేను ఇంటిదాక మోసుకొచ్చిన.

అగో, అప్పుడు మొదలైంది మా ఇంట్ల పంచాయితి. బావి నీళ్ళు ఎండకాలం అడుగంటుతయి. వారం వారం ఖాళీ చేసి నింపుడు కాని పని. ఒక్కసారి నింపితే ఆ నీళ్ళనే కాపాడుకోవాలె. దేంతోని?

"మైలుతుత్తం" అన్నరు మామయ్య. చెరువు పనులల్ల పెరిగిన మనిషి గద. "నాచు పుట్టనివ్వదు."

"నాచు సరే మామయ్యా, పుండుకు చీము పట్టించే పురుగుల సంగతేంది?" అన్న.

"పర్మాంగనేటు వెయ్యండి. మా ఊళ్ళో కలరా వచ్చినప్పుడు నూతుల్లో అదే వేసేవాళ్ళు. నీళ్ళు గులాబీ రంగులో ఉంటే మందుందని కంటికి కనిపిస్తుంది" అని మా అత్తయ్య. సరే, చూద్దమని ఒక బకెట్ల కలిపినం. ఆ సాయంత్రం ముద్దుగనే ఉండె. తెల్లారేసరికి గులాబీ పోయి చాయ్ రంగొచ్చింది, బకెటు లోపలంతా గోధుమరంగు మరక. అందుల చెయ్యి పెట్టి చూసిన అత్తయ్య వేళ్ళు ఎంత రుద్దినా తెల్లవడలే. "ఇంక నయం, అబ్బాయిని ముంచలేదు" అని తనే బకెటు పారబోసింది.

నేను బ్లీచింగు పౌడరు అన్న. మా తల్లిగారి గల్లీల వానకాలమొస్తే మునిసిపాలిటోళ్ళు బావిల అదే ఏసేటోళ్ళు. మా అమ్మ తిట్టుకుంటనే ఆ నీళ్ళు తాగేది, తాగించేది. డాక్టరుగారిని అడిగితే ఆయన గూడ నా దిక్కే మొగ్గిన్రు. ఎండ దిగినంక బకెట్ల కలపాలె, సున్నం అడుగుకు దిగినంక పైన తేటనే హౌజుల పొయ్యాలె, నీళ్ళు మబ్బుగుంటే పటిక ఏసి మురికిని దింపి తూము తియ్యాలె అని చెప్పిన్రు. నేను గెలిచిన. వారం దినాలు అత్తయ్య ముందర ఎగిరెగిరి నడిచిన.

మొదటి డబ్బా నడిచినన్ని దినాలు నీళ్ళు అద్దం లెక్కుండె. అడుగున పడ్డ సూది గూడ కానొచ్చేది. ఆ ఘాటుకు మా ఆయన తుమ్ముకుంట దిగేటోడు, మామయ్య భుజం పట్టుకోని నడిచేటోడు. మోకాలు జర జర వంగవట్టింది. మనిషికి ఆకలైంది, జోకులు గూడ ఏస్తుండె. అత్తయ్యకే పెద్ద బాధ. "ఈ కంపు నా పప్పులోకి కూడా వస్తోందే" అని కొంగు అడ్డం పెట్టుకోని వండేది. ఇంకో బాధ షాబాదు బండలది. హౌజుల నుంచి మా ఆయన చంకకర్ర మీద వస్తుంటే, నేల మీద ఒక తడి పాదం, పక్కన గుండ్రంగ కర్ర మరక, ఎనక ఈడ్చిన కాలి గీత. నల్లటి బండల మీద మరక కానొస్తే ఆమెకు పానం ఊరుకోదు. గుడ్డ పట్టుకోని ఎంటనే తుడిచేది. మరక మీద కోపమనుకున్న గానీ, ఆ గీతను ఆమె చూడలేకపోయేదని నాకు తర్వాత సమజైంది.

రెండో డబ్బా వచ్చినప్పుడు నేను మా ఆయనను పరీక్షకు దవాఖానకు తీస్కపోయి అక్కడ్నే మా తల్లిగారింట్ల ఆగిన. తిరిగొచ్చేసరికి పౌడరు మెత్తగ, పొడిగ, జాడీల నింపి ఉన్నది. ఘాటే లేదు. "ఈసారి మంచి సరుకు ఇచ్చాడు" అని మామయ్య మురిసిన్రు. నేనూ మురిసిన. ముక్కు బతికిపోయింది గద!

కొన్ని దినాలకే మెట్లు జారుడు పట్టినయి. నీళ్ళల్ల పచ్చదనం దిగింది. ఇంకో చెంబు పౌడరు ఎక్కువేసిన, నీళ్ళు మబ్బయినయి తప్ప పచ్చదనం పోలే. దుకాణమోడు సున్నం కలిపి అంటగట్టిండని నేను గయ్యిమని లేచిన. "నే చెప్పలా" అని అత్తయ్య. "మైలుతుత్తం" అని మామయ్య. ఈ లొల్లిల ఉండంగనే ఒకనాడు మా ఆయన లుంగీ జరిపి చూపించిండు. ఆపరేషన్ మచ్చ చుట్టూ ఎర్రగ పొక్కులు. నుదురు పట్టి చూస్తే ఎచ్చగుంది.

ఆ పౌడరు నేనేనాయె పట్టుబట్టి తెప్పిచ్చింది. మామయ్య యాడికెళ్ళో టాక్సీ మాట్లాడుకొచ్చిన్రు. దారి పొడుగునా అత్తయ్య కొడుకు చెయ్యి ఇడిస్తే ఒట్టు.

డాక్టరుగారు మచ్చ పొంటి వేలితోని నొక్కి నొక్కి చూసిన్రు. నేను ఆయన మొఖమే చూస్తున్న. "లోపల ఏమీ లేదు. చీము కాదు, తోలు మీద పొక్కులే. మురికి నీళ్ళ పని. పూతమందు రాస్తే పోతాయి, ఆ వెచ్చదనం కూడా తగ్గుతుంది" అన్నరు. అబ్బ! ఆడనే బల్ల మీద కూలబడ్డ. మామయ్య గోడ దిక్కు తిరిగి ముక్కు చీదుకున్నరు.

"అయితే నీళ్ళ ఘాటు ముక్కుకు తగులుతోందా, లేదా?" అని అడిగిన్రు డాక్టరుగారు.

నేను నోరు తెరిచేలోపల్నే అత్తయ్య ముందుకొచ్చింది. "అబ్బే, లేదండీ. పొడి చెమ్మగిల్లి గడ్డలు కట్టి వచ్చిందండీ. నేనే మేడ మీద పాత చీర పరిచి, కారం ఆరబోసినట్టు పల్చగా ఆరబోశాను. మంచి ఎండ తగిలిందేమో, ఆ కంపంతా శుభ్రంగా వదిలిపోయింది. జల్లించి జాడీకెత్తానండీ" అన్నది. ఎంత గర్వంగ చెప్పిందో! మా అత్తయ్య చేతికి చిక్కింది ఏదైనా సరే ఎండ చూడాల్సిందే. కందిపప్పు, చింతపండు, పసుపు, పరుపులు, ఆఖరికి మామయ్య పాత బూట్లు గూడ. ఎండకు పెట్టకుండ డబ్బాల పోసిన సరుకు ఆ ఇంట్ల లేదు.

డాక్టరుగారు అద్దాలు తీసి పక్కన పెట్టిన్రు. "అమ్మా, ఆ కంపే మందు. దాన్ని ఎండకు, గాలికి ఇచ్చేసి, మిగిలిన సున్నం మీ అబ్బాయి నీళ్ళలో పోశారు" అని, ఇంక ఆపుకోలేక నవ్విన్రు. మా ఆయన కడుపు పట్టుకోని నవ్విండు. స్కూటరు మీదికెళ్ళి పడ్డంక ఆయన గట్ల నవ్వంగ చూసుడు నాకదే మొదలు.

అత్తయ్య నవ్వలే. టాక్సీల కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్చింది. "నా చేతులతో నేనేనే అమ్మాయ్, నా బిడ్డ కాలిని…" అన్నది. నేను ఆమెను కడిగిపారేద్దమని అప్పటిదాక లోపల మాటలు కూడబెట్టుకుంటున్న. ఆ మొఖం చూసినంక ఒక్కటి గూడ గుర్తు రాలే. "ఊకో అత్తయ్యా. కాలుకు ఏం కాలే గద. ఇంక నయం, పోపు పెట్టి ఊరబెట్టలే నువ్వు" అన్న. ఏడుపుల్నే ఫక్కుమన్నది. "నోరు ముయ్యవే" అని నా తొడ మీద ఒక్కటేసింది.

అయినా ఆమెకు పూర్తిగ నమ్మకం కుదరలే. కొత్త డబ్బా వచ్చిననాడు తన ఎర్ర జాకెటు పీలిక చింపి రెండు గిన్నెలల్ల ఏసింది. జాడీల పౌడరు కలిపిన గిన్నెల పీలిక ఎర్రగనే ఉండె. కొత్త పౌడరు గిన్నెల అది చూస్తుండంగనే పాలిపోయింది. "ఓలమ్మో" అని గడప మీద కూసున్నది. ఇగ ఆనాటి నుంచి ఆ డబ్బాకు కాపలా ఆమెనే. మూత బిగించి, చీకటి కొట్ల, గోనె సంచి కప్పి పెట్టింది. మేం హౌజు గోడలు రుద్ది, పటికతోని మురికి దింపి, తూము తీసి, కొత్త పౌడరు తేట పోసినం. పొక్కులు మాని నీళ్ళు తేటవడ్డదాక మా ఆయనను దిగనియ్యలే. పొద్దుగాల లేవంగనే అత్తయ్య హౌజు కాడ వంగి వాసన చూసేది. "ఉందిలే, ఘాటుంది" అని చెప్పినంకనే పొయ్యి ముట్టించేది. పప్పుల కంపొస్తుందని మళ్ళ ఎన్నడూ అనలే.

వానలు పడ్డయి, పోయినయి. చలికాలం మొదట్ల ఒకనాడు మధ్యాహ్నం నేను వంటింట్ల బియ్యం ఏరుతున్న. ఎనక నుంచి గ్లాసు చప్పుడైంది. చూస్తే మా ఆయన కుండల నీళ్ళు ముంచుకోని తాగుతున్నడు. తలకెళ్ళి నీళ్ళు కారుతున్నయి. చంకల కర్ర లేదు. హౌజు మెట్ల కాడనే మరిచిపోయి వచ్చిండంట. నేను అడిగేదాక ఆయనకు గూడ సోయి లేదు.

"తడికాళ్ళతో ఇల్లంతా తొక్కాడు చూడు!" అని అత్తయ్య గుడ్డ పట్టుకోని వచ్చింది. వంగి ఆగిపోయింది. పెరటి తలుపు కాడికెళ్ళి కుండ దాక బండల మీద పాదాలు, కుడిది, ఎడమది, కుడిది, ఎడమది. ఒక్క కాడ గూడ గీత లేదు.

నేను గుడ్డ అందుకోబోతే నా చెయ్యి పట్టుకున్నది. "ఉండనియ్యవే అమ్మాయ్" అన్నది.

పెరట్లకెళ్ళి ఎండ నేరుగ ఆ పాదాల మీద పడుతున్నది. దేనికైనా ఎండ చూపకుంటే నిద్రపట్టని మనిషి, పోయి ఆ తలుపు మూసింది.