రెండు చేతుల జోడీ

తెనాలి మార్కెట్ వెనక సందులో చావు ఫోటోల శాలేమురాజు అంటే ఎవరైనా చూపిస్తారు. శవపెట్టె మూసేముందు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఒక ఫోటో తీయించుకోవడం ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో ఆనవాయితీ. పెళ్లిళ్లకి డ్రోన్లు వచ్చాయి, వాటితోపాటు కుర్రాళ్లూ వచ్చారు. పెట్టె దగ్గరికి మాత్రం ఇంకా శాలేమురాజునే పిలుస్తారు. ఏడ్చేవాళ్లని కసురుకోకుండా సర్ది నిలబెట్టడం అతనికి చేతనవును. పొడుగువాళ్లు తలవైపు, పిల్లలు కాళ్లవైపు. పోయిన మనిషి మొహం మీద ఎవరి నీడా పడనిచ్చేవాడు కాదు.

అది బతుకుతెరువు. ఇష్టం వేరే ఉంది. పని లేని రోజున పాత డిజిటల్ కెమెరా మెడలో వేసుకుని రైలెక్కి, ఒకసారి రేపల్లె, ఒకసారి బాపట్ల పోయి, రోడ్ల మీద తిరుగుతూ నలుపు తెలుపు ఫోటోలు తీసుకునేవాడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఒకే ఫోటోలో పక్కపక్కన పడాలి, పడగానే వాటి మధ్య లేని చుట్టరికం ఒకటి పుట్టాలి. అలాంటివాటికి అతను పెట్టుకున్న పేరు జోడీ. రేపల్లెలో కళ్లజోళ్ల దుకాణం బోర్డు మీద ఇంతలేసి కళ్లు, వాటి కింద కునికిపాట్లు పడుతున్న కాపలా మనిషి. చేపల మార్కెట్లో త్రాసు పళ్లెంలో నోరు తెరిచిన చేప, దాని వెనక తల్లి చంకలో నోరు తెరిచి ఏడుస్తున్న పసివాడు. రంగులుంటే ఇవి కుదరవని అతని నమ్మకం. రంగు కన్నుని తన వైపు లాక్కుపోతుంది, అది తీసేస్తే ఆకారాలు మిగిలి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి అనేవాడు.

"మీరు కూడా మనుషుల్ని కాస్త పలకరించండి," అనేది భార్య ప్రమీలారాణి. ఆమె బళ్లో టీచరు. "అడక్కుండా ఫోటోలు తీస్తే ఎవరో ఒకరు ఆ కెమెరా పగలగొడతారు."

"అడిగితే జుట్టు సవరించుకుని కూర్చుంటారే. జోడీ చెడిపోద్ది."

"కదలని మనుషులే కావాలంటే పెట్టెల్లో ఉన్నారుగా మీకు."

అతను నవ్వి ఊరుకునేవాడు. అతనికీ ఒక పద్ధతి ఉంది. ఎవరైనా చెయ్యెత్తి వద్దన్నట్టు కనిపిస్తే వాదించడు. నాలుగడుగులు వెనక్కి తగ్గి, వాళ్లు తనని మరిచిపోయేదాకా ఆగుతాడు. మరిచిపోయాక తీస్తాడు. దాన్ని అతను మర్యాద అనుకునేవాడు.

ఆ మే నెలలో బాపట్లలో అతనికి దొరికిన జోడీ అంతకుముందు ఎప్పుడూ దొరకనంత గొప్పది. రోడ్డుకి అవతల వైన్ షాపు, దాని అరుగు మీద ఒకడు గ్లాసెత్తి స్నేహితుడికి చూపిస్తున్నాడు. ఇవతల కరెంటు స్తంభానికి జారగిలబడ్డ ముసలాయన, తొడ పక్కన క్వార్టర్ సీసా, అచ్చం అలాగే చెయ్యెత్తాడు. రెండు చేతులదీ ఒకే వంపు. వంగి తీస్తే ముసలాయన వెనకున్న తూము గోడ రోడ్డుని కప్పేసింది. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకరికొకరు గ్లాసులెత్తుకుంటున్నట్టు వచ్చింది ఫోటో. ఆ రాత్రే ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టాడు. ఎవరెవరో మెచ్చుకున్నారు. మరెవరో దాన్ని తీసుకుని తాగుడు గురించి నాలుగు మాటలు రాసి ఊరి మీదికి వదిలారు. తన పేరు వెయ్యనందుకు శాలేమురాజు కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

కొన్నాళ్లకి ఒకమ్మాయి ఎవరెవర్నో వాకబు చేసుకుంటూ, అతని ఇంటి ముందుగదిలోనే ఉన్న దుకాణానికి వచ్చింది. ముప్పై దాటి ఉండదు. ఫోన్లో ఆ ఫోటో తెరిచి అతని ముందు పెట్టింది.

"ఇది మీరు తీసిందేనా బాబాయ్?"

"అవునమ్మా," అన్నాడు శాలేమురాజు. మొహం విప్పారింది. "ఎవరు పంపారు నీకు?"

"మా నాన్నండి."

"మీ నాన్నా? ఆయనెవరు, ఫోటోలు తీస్తాడా?"

"కాదు. ఫోటోలో ఉన్నాయన మా నాన్న."

ఆమె పేరు హెప్సిబా. అమృతలూరు దగ్గర పల్లె, రేపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తండ్రి చిన్నయ్య పొలం పనులు చేసేవాడు. ఊళ్లో క్రైస్తవుల గుడి గంట కొట్టడం, బల్లలు తుడవడం, ఆదివారం చాపలు పరవడం ఆయన పని. మోకాళ్ల నొప్పులకి బాపట్లలో ఒక నాటువైద్యుడి దగ్గర తైలం తెచ్చుకునేవాడు. సీసా ఎవరిది వాళ్లే తీసుకెళ్లాలి. రోడ్డు పక్కన దొరికిన క్వార్టర్ సీసా ఒకటి శుభ్రంగా కడిగి దాచుకున్నాడు. ఆ రోజు తైలం పోయించుకుని బస్సుకి వస్తూ పడిపోయాడు. సాయంత్రం ఎవరో చూసి ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు.

శాలేమురాజు కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"సమాధి అయ్యింది. ఆ మర్నాడు ఈ ఫోటో సంఘం గ్రూపులోకి వచ్చింది. మా ఊరి సంఘంలో ఒక కట్టుబాటుందండి. తాగి పోయినవాళ్ల జ్ఞాపకానికి ఆదరణ కూడిక గుళ్లో పెట్టరు. ఇంటి దగ్గర పెట్టుకోమన్నారు పెద్దలు. మా నాన్న జన్మలో తాగలేదు బాబాయ్. ఆ సీసాలో ఉన్నది తైలం. నేను చెబితే కూతురు కాబట్టి అంటుందనుకుంటున్నారు." ఫోన్ అతని వైపు జరిపింది. "ఇది రంగుల్లో ఉందా మీ దగ్గర? తైలం ఆకుపచ్చగా ఉంటది. మందు ఆకుపచ్చగా ఉండదుగా."

"చూస్తానమ్మా," అన్నాడు.

ఆమె వెళ్లాక కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కెమెరా తెర మీద నలుపు తెలుపే కనిపించేలా పెట్టుకున్నాడు గానీ లోపల రంగులు రంగుల్లాగే దాక్కుని ఉంటాయి. వాటినెప్పుడూ పైకి తియ్యలేదు. ఇప్పుడు తీశాడు. సీసాలో తైలం గోరింటాకు ముద్దలా పచ్చగా ఉంది. ఆ రోజు తీసినవాటిల్లో మొదటి ఫోటో నిలబడి తీసింది కాబట్టి రోడ్డంతా కనిపిస్తోంది. వైన్ షాపు అవతలి పక్కన ఎక్కడో ఉంది.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. అలవాటు కొద్దీ మిగతావీ వరసగా తెరిచాడు. మొదటివాటిలో చిన్నయ్య మీద వేపచెట్టు నీడ ఉంది. తర్వాతవాటిలో నీడ భుజం దాటింది, ఆ తర్వాత ఒళ్లంతా ఎండలో ఉంది. మనిషి అక్కణ్ణించి కదల్లేదు. ఒక ఫోటోలో చెయ్యెత్తాడు. శాలేమురాజుకి గుర్తుంది. ఫోటో వద్దంటున్నాడనుకుని వెనక్కి తగ్గింది అప్పుడే. ఇప్పుడు దాన్ని పెద్దది చేసి చూశాడు. అరచెయ్యి అతని వైపు లేదు. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలు నోటివైపు తిరిగి ఉంది. ఆ తర్వాతిదాంట్లోనూ అంతే. జనం చూసినది మూడోసారి చెయ్యెత్తినప్పటిది. ఆ పైన చెయ్యి ఒళ్లో పడి ఉంది, కళ్లు సగం మూతపడ్డాయి. హమ్మయ్య, నన్ను మరిచిపోయాడు అనుకుని అప్పుడు కూడా రెండు తీశాడు.

ప్రమీలారాణి బడి నుంచి వచ్చి వెనక నిలబడ్డది అతను చూడలేదు.

"నీళ్లడుగుతున్నాడుగా ఆయన," అంది.

శాలేమురాజు జరిగింది చెప్పేసరికి ఆమె బల్ల మీద కూర్చుండిపోయింది.

"మొదటిదొక్కటే ఇవ్వండి," అంది. "సీసా కనిపిస్తోంది, రోడ్డు కనిపిస్తోంది. ఆ అమ్మాయి అడిగింది అదేగా. తక్కినవి చూపిస్తే ఆమెకి ఒరిగేదేముంది? చచ్చేదాకా అదే కళ్ల ముందు కనిపిస్తది."

ఆ మాట ఆమె హెప్సిబా మీద జాలితో అన్నదో, భర్త మీద జాలితో అన్నదో అతను తేల్చుకోలేదు. తేల్చుకోవడం ఇష్టం లేకపోయింది. మొదటి ఫోటో ఒక్కటే రంగుల్లో వేసి హెప్సిబాకి పంపాడు. చాలా థాంక్స్ బాబాయ్, అని జవాబిచ్చింది. రెండు రోజులపాటు తిండి బాగానే తిన్నాడు.

తర్వాత ఫోన్ వచ్చింది.

"పెద్దలు ఒప్పుకోలేదండి. ప్రభుదాస్ గారని మా సంఘ పెద్ద. ఇది మొదట్లో తీసింది, తర్వాత లేచి రోడ్డు దాటి తాగి వచ్చాడేమో, ఎవరు చూశారు అంటున్నారు. ఆ తర్వాత తీసినవి ఉన్నాయా బాబాయ్?"

ప్రమీలారాణి వంటగదిలోంచి చూస్తోంది. చూసి చెబుతానని ఫోన్ పెట్టేశాక అతను ఆమె వైపు తిరిగాడు.

"లేవని చెప్పమంటావా?"

"అబద్ధం చెప్పమని నేనెప్పుడన్నాను? అడగనిది చెప్పొద్దన్నాను. ఇప్పుడడిగింది."

ఆదివారం ఆరాధన అయ్యాక హెప్సిబా ఊరి గుడి పక్క గదిలో కూర్చున్నారు. ప్రభుదాస్, హెప్సిబా, శాలేమురాజు, మధ్యలో లాప్‌టాప్. ప్రభుదాస్ వందనాలు చెప్పి, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కొక్క ఫోటో దగ్గర ఆగుతూ చూశాడు. కఠినమైన మనిషిలా లేడు. తప్పు చేస్తానేమోనని భయపడే మనిషిలా ఉన్నాడు.

"ఒక్కసారి కూడా లేవలేదు," అన్నాడు చివరికి.

"లేవలేదండి."

"నీడ చూస్తే చాలాసేపు కూర్చున్నట్టున్నాడు."

"చాలాసేపండి."

"ఇన్ని ఫోటోలూ ఒకే చోటి నుంచి తీశారా?"

"దాదాపు అక్కణ్ణించేనండి. రోడ్డుకి ఇవతలే, ఆయనకెదురుగా టీ కొట్టు ఉంది. దాని పందిరి కింద ఉన్నాను."

ప్రభుదాస్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. హెప్సిబా తెర వైపే చూస్తోంది. చెయ్యెత్తిన ఫోటోకి వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లింది. ఆసుపత్రిలో రోజూ రోగుల్ని చూసే మనిషికి ఆ చెయ్యేమంటోందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"టీ కొట్లో నీళ్లుంటాయిగా బాబాయ్," అంది.

"ఉన్నాయమ్మా."

"మీరు తాగారా?"

"తాగాను."

"నాన్నకెందుకివ్వలేదు?"

"ఫోటో తియ్యొద్దంటున్నాడనుకున్నానమ్మా. అందుకని వెనక్కి జరిగాను."

"దగ్గరికెళ్లి అడగాల్సింది."

"అడిగితే…" అని మొదలుపెట్టి ఆపేశాడు. అడిగితే జోడీ చెడిపోతుందని ఆ గదిలో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

బయట పిల్లలు చాపలు చుడుతున్న చప్పుడు వినిపించింది. చిన్నయ్య పోయాక ఆ పని వాళ్లకి పడింది. ప్రభుదాస్ లేచి తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

"శుక్రవారం కూడిక గుళ్లోనే పెడదామమ్మా," అన్నాడు. "నేను ప్రకటిస్తాను. సీసా చూసి అందరం అనుకున్నదే నేనూ అనుకున్నాను."

హెప్సిబా తల ఊపింది. సంతోషం కనిపించలేదు. కొంగుతో మొహం తుడుచుకుని శాలేమురాజు వైపు తిరిగింది.

"ఫ్లెక్సీకి నాన్న ఫోటో కావాలి. ఆధార్ కార్డు మీదది తప్ప ఇంట్లో ఒక్కటీ లేదు. అందులో గుర్తుపట్టలేం. వీటిల్లోంచే ఒకటి చేసివ్వండి."

"వీటిల్లోంచా అమ్మా?"

"మొహం కెమెరా వైపు పెట్టి చూసింది ఇందులోనేగా ఆయన."

సోమవారం ఆ పని పెట్టుకున్నాడు. ఎవరైనా పోయినప్పుడు పెళ్లి గుంపుల్లోంచి, గృహప్రవేశాల్లోంచి మొహాలు కోసి, వెనక నీలాకాశం పెట్టి, మాసిన చొక్కా తీసేసి తెల్లచొక్కా తొడగడం అతనికి కొత్త కాదు. మూడోసారి చెయ్యెత్తినప్పుడే కళ్లు బాగా తెరుచుకుని ఉన్నాయి. దాన్నే తీసుకున్నాడు. వైన్ షాపు తుడిచాడు. గ్లాసెత్తినవాణ్ణి తుడిచాడు. స్తంభం, తూము గోడ, సీసా పోయాయి. మెడ కింద అడ్డంగా కోస్తే చెయ్యి కూడా పోయింది. నుదుటి మీది చెమటని మెత్తగా సర్దాడు. పెదాల పగుళ్లు పూడ్చాడు. చివరికి నీలాకాశంలో తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన మిగిలాడు, ఎదుటివాణ్ణి ఏదో అడుగుతున్నట్టుగా చూస్తూ. ఆ చూపుని ఏం చెయ్యాలో ఏ మీటా చెప్పలేదు. ప్రింటు తీశాడు.

సాయంత్రం హెప్సిబా వచ్చింది. ప్రింటు చేతిలోకి తీసుకుని చూసింది. మొదట వేలితో పెదాలు తడిమింది, తర్వాత ఫోటో కింది అంచు, తెల్లచొక్కా ఆగిపోయిన చోటు.

"చెయ్యేది బాబాయ్?"

"తీసేశానమ్మా. ఫ్లెక్సీ మీద బాగుండదు."

"ఉంచండి."

"చూసినవాళ్లు ఏంటది, చెయ్యెందుకెత్తాడు అని అడుగుతారమ్మా. సంఘంలో ఉన్నవాళ్లే కాదు, చుట్టాలూ వస్తారు. ఏం చెబుతావు?"

"నేనెందుకు చెబుతాను?" అంది హెప్సిబా. గొంతు పెంచలేదు. "మీరు వస్తారుగా కూడికకి. ఎవరడిగితే వాళ్లకి మీరే చెప్పండి."

లోపలి గదిలో ప్రమీలారాణి దిద్దుతున్న కాగితాల చప్పుడు ఆగింది. శాలేమురాజు ఒక్క క్షణం ఆ గది వైపు చూశాడు.

"వస్తానమ్మా," అన్నాడు.

ఆమె స్టూలు లాక్కుని కంప్యూటరు పక్కన కూర్చుంది. చేసి ఇచ్చేదాకా కదిలేలా లేదు. అతను అసలు ఫోటో మళ్లీ తెరిచి, చెయ్యి దగ్గరికి వెళ్లి, బొటనవేలి చుట్టూ మెల్లగా గీత గియ్యడం మొదలుపెట్టాడు.